దేవుడి తరఫున నేను చెప్పిన జవాబు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు అమ్మాయిలు నా దగ్గరికొచ్చారు. ఇద్దరూ నర్సింగ్ చదివినవాళ్లే. ఒకామె డయాలసిస్ వార్డులో చేరి ఇంకా నెల కాలేదు. "మేడం, పేషెంట్లు ప్రార్థన చెయ్యమని అడుగుతున్నారు. చెయ్యొచ్చా?" అంది. చెయ్యమ్మా అని చెప్పేసి ఇంటికెళ్లి అన్నం తినేదాన్నే. కానీ "రాసిస్తాను" అన్నాను. ప్రశ్నకు జవాబు రాసిచ్చే మనిషిని ఈ కాలంలో ఎక్కడా చూడలేదేమో, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

నాది రేపల్లె దగ్గర ఊరు. హైదరాబాదు వచ్చి, కొండాపూర్ నుంచి హఫీజ్‌పేట్ వెళ్లే దారిలో ఉన్న ఒక ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. అందులో పదిహేడేళ్లు డయాలసిస్ వార్డే. కనుక పిల్లలూ, ముందుగా ఈ మాట వినండి. ఆ వార్డులో దాదాపు ఎవరికీ బాగవదు. ప్రసూతి వార్డు నుంచి బిడ్డనెత్తుకుని వెళ్తారు. ఎముకల వార్డు నుంచి కర్ర పట్టుకునైనా నడిచి వెళ్తారు. మా దగ్గర చేతికి రెండు సూదులు పెట్టించుకుని నాలుగు గంటలు పడుకుంటారు. రక్తం మిషన్‌లోకి వెళ్లి శుభ్రపడి తిరిగొస్తుంది. లేచి ఇంటికెళ్తారు. ఎల్లుండి మళ్లీ వస్తారు. ఇక ఆ ఎల్లుండికి అంతు లేదు. మా వాళ్లలో నూటికి తొంభై మంది వార్డు వదిలేది కిడ్నీ మార్పిడి జరిగితేనో, ప్రాణం పోతేనో.

అటువంటి చోట పనిచేస్తూ, ప్రతి రాత్రి మోకాళ్ల మీద ఉండి "వాళ్లను స్వస్థపరచు తండ్రీ" అని అడిగేదాన్ని. ఏళ్ల తరబడి అడిగాను. ఒక్కరికైనా, ఒక్కసారైనా, నా కళ్లతో చూడాలని ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను. చర్చిలో ఎవరో సాక్ష్యం చెప్పేవారు, గడ్డ కరిగిపోయిందని, చూపు తిరిగొచ్చిందని. నేనూ అందరితోపాటు చప్పట్లు కొట్టేదాన్ని. కొడుతూ కొడుతూ లోపల ఒక మూల అసూయపడేదాన్ని. రోగుల మధ్య ఉండేది నేను, అద్భుతాలు మాత్రం పక్కింటికి వెళ్తున్నాయి అనిపించేది.

ఇప్పుడు మా వార్డుకు వచ్చే ఒకామె సంగతి చెబుతాను. ఆమెది పాలమూరు వైపు పల్లె. ముప్పైనాలుగేళ్లు. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో హౌస్‌కీపింగ్ చేసేది. భర్త కోకాపేటలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. బీపీ ఉన్న సంగతి తెలియకుండానే రెండు కిడ్నీలూ కుదించుకుపోయాయి. మార్పిడికి పేరు రాయించారుగానీ వరుస రాలేదు. మంగళ, గురు, శనివారాలు మా వార్డుకు వచ్చేది, కిటికీ పక్క మంచం. మిగతా రోజులు పనికి వెళ్లేది. అంత నీరసంలో ఎలా చేస్తావమ్మా అంటే, "ఇంట్ల కూసుంటె దూప ఎక్కువైతది అక్కా" అనేది.

దూప అంటే దాహం. డయాలసిస్ మనిషికి జబ్బు కంటే అదే పెద్ద శిక్ష. ఒంట్లో నీరు బయటికి పోయే దారి లేదు కనుక రోజు మొత్తానికి రెండు మూడు చిన్న గ్లాసులు, అంతే. అన్నంలో నీళ్లు, చారులో నీళ్లు అన్నీ అందులోనే లెక్క. ఆమె పని ఏమిటంటే ఆఫీసులో మీటింగు గదుల్లో బల్లల మీద నీళ్ల సీసాలు సర్దడం. "ఒక్క గుటక తాగి ఇడిసిపెట్టి పోతరు అక్కా. నిండ సీసలు. అవన్ని సింకుల పారవోస్త. సప్పుడు ఇంటుంటె పానం గుంజుతది" అని నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు చూసి నవ్వలేక సూదులు సర్దుకునేదాన్ని.

పండ్లూ వద్దు. పండ్లలో ఉండే పొటాషియం గుండెను ఆపేస్తుంది. పాలమూరు మనిషికి సీతాఫలం తినొద్దని చెప్పడం ఎలా ఉంటుందో నాకు ఆమెను చూశాకే తెలిసింది. వానలు వెనకబట్టాక ఆసుపత్రి గేటు ముందు తట్టలు దిగేవి. ఆమె ఆగి, ఒక్కో కాయనూ చేత్తో నొక్కి చూసి, "ఇది రేపటికి పండుతది" అని అమ్మేవాళ్లకే చెప్పి లోపలికి వచ్చేది.

ఆమె మా వార్డుకు వస్తున్న మూడో ఏడు వేసవిలో ఒక సెంట్రింగ్ మేస్త్రిని తీసుకొచ్చారు. ఎండలో పని చేసి, పైన వాంతులు, విరేచనాలు పట్టుకుని, ఒంట్లో నీరంతా పోయి, మూత్రం ఆగిపోయింది. ఆమె పక్క మంచం ఇచ్చాం. అతని భార్య నా మెడలో సిలువ చూసి, "అమ్మా, జర మీ ఏసయ్యకు చెప్పు" అని చేతులు పట్టుకుంది. నేను అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. మూడు వారాలకు మూత్రం మొదలైంది. నాలుగో వారం మిషన్ అక్కర్లేకుండా నడిచి వెళ్లిపోయాడు.

మా పెద్ద డాక్టరుగారు ముందే చెప్పారు, "ఇది హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీ సిస్టర్, ఇలాంటివి చాలామటుకు తిరిగొస్తాయి, మనం కాస్త సమయం ఇవ్వాలి అంతే" అని. విన్నాను. కానీ ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మైకు ముందుకు వెళ్లి సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ ముక్క చెప్పలేదు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ఉన్నదాంట్లో ఒకటి వదిలేశాను. మందిరమంతా లేచి నిలబడి స్తోత్రం స్తోత్రం అన్నారు. పదిహేనేళ్లు చప్పట్లు కొట్టిన మనిషికి తన కోసం చప్పట్లు వినిపిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

పక్క మంచం మీద నుంచి ఆమె ఇదంతా చూసింది. మేస్త్రి వెళ్లిపోయిన మంగళవారం నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"అక్కా, ఆయనకు జేసిన ప్రార్థన నాకెందుకు జెయ్యవు?"

"నీకోసం రోజూ చేస్తున్నానమ్మా, ఇంటి దగ్గర."

"ఇంటికాడ గాదు. గట్లనే, నెత్తి మీద చెయ్యి వెట్టి."

ఆమె ఇంట్లో ఎల్లమ్మకు మొక్కేవారు. భర్త దర్గాకు కూడా వెళ్లొచ్చాడు. ఏసయ్య అయితే ఏంటి, ఎవరైతే ఏంటి, బాగైతే చాలు అనుకునే మనుషులు. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టాను. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతిసారీ, మిషన్ మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం. "ఈ బిడ్డను బాగుచెయ్యి ప్రభువా." అంతే ప్రార్థన. అందులో తప్పేమీ లేదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

మా సీనియర్ టెక్నీషియన్ నార్సింగి స్థానికుడు. నా కంటే రెండేళ్లు చిన్న. మిషన్ల మోత విని ఏది ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పగలిగేవాడు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "సిస్టర్, నువ్వు ప్రార్థన చేస్తే నాకేం లేదు. కానీ ఆమె కండ్లు జూసినవా? జర సోంచాయించి మాట్లాడు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇతనికి విశ్వాసం ఏం తెలుసు అనుకున్నాను. ఇరవై రెండేళ్ల నా ఉద్యోగంలో ఎవరైనా నాకిచ్చిన మంచి సలహా ఏదంటే అదే.

సెప్టెంబరు చివర్లో మా చర్చిలో మూడు రోజుల ఉపవాస కూటాలు జరిగాయి. ఆ మూడు రోజులూ డ్యూటీ చేసుకుంటూనే సాయంత్రాలు వెళ్లాను. విశ్వాసంతో అడిగేవాడు పొందేశానని నమ్మాలి, ముందే కృతజ్ఞత చెప్పాలి అని విన్నాను. శనివారం పొద్దున్న ఆమె తల మీద చెయ్యి పెట్టేసరికి కడుపు ఖాళీగా, మనసు నిండుగా ఉంది. కళ్లు మూసుకుంటే వెలుగు కనిపించింది. ఆ వెలుగు నీరసం వల్ల కూడా కావచ్చని నర్సునై ఉండీ తట్టలేదు.

"ఈ బిడ్డను బాగుచేశావు ప్రభువా. నీకు వందనాలు. ఈ క్షణమే బాగుచేశావు."

చెయ్యి అనే చోట చేశావు అన్నాను. మారింది ఒక్క మాటే. నేను కళ్లు తెరిచేసరికి ఆమె నన్నే చూస్తోంది.

"అయ్యిందా అక్కా?"

"అయ్యిందమ్మా" అన్నాను.

మంగళవారం వచ్చింది. బరువు చూస్తే ఎప్పుడూ పెరిగే దానిలో సగమే పెరిగింది, బీపీ మామూలుగా ఉంది. తర్వాత తెలిసింది, ఆ రెండు రోజులూ నమ్మకంతో, భయభక్తులతో ఆమె నీళ్లు దాదాపు ముట్టలేదని. అప్పుడు మాత్రం ఇద్దరం ఒకరినొకరు చూసుకుని దొంగల్లా నవ్వుకున్నాం. గురువారం ఆమె రాలేదు.

అవి బతుకమ్మ రోజులు. మా వాళ్లు పండగకు ఊరెళ్తే అక్కడి సర్కారు దవాఖానలో డయాలసిస్ చేయించుకుని వస్తారు, అది మామూలే. "ఊరికి వోయినట్టుంది" అన్నాడు టెక్నీషియన్. శనివారం కూడా రాలేదు. అవునవును, ఊరెళ్లి ఉంటుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇంకొకటి కూడా అనుకున్నాను. ఒకవేళ నిజంగానే అవసరం లేకుండా పోయిందేమో అని. మనసులో ఆ మాట రానిచ్చి, దాన్ని అలాగే కూర్చోబెట్టుకున్నాను. ఫోన్ చేస్తే అది లేచి వెళ్లిపోతుందేమోనని ఫోన్ చేయలేదు. నా తప్పులన్నింటిలోకీ పెద్దది ఇదే. ప్రార్థన ఆవేశంలో చేశాను. ఫోన్ చేయకపోవడం మాత్రం తెలిసి తెలిసి చేశాను.

మంగళవారం పదిన్నరకు కూడా మంచం ఖాళీగానే ఉంది. ఇక ఉండబట్టలేక ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"అక్కా..." అని ఆగింది. "బాగైంది... అక్కా. నీళ్లు... తాగుతున్న. కడుపునిండ..."

ప్రతి రెండు మాటలకూ ఒకసారి ఊపిరి పీల్చుకుంటోంది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిన మనిషి మాట అది. ఆ చప్పుడు మీకు వార్డులో తొందరగానే అలవాటవుతుంది. ఫోన్‌లో వినిపించగానే పరుగెత్తాను. టెక్నీషియన్‌కు చెప్పాను. అతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. డాక్టరుగారికి ఫోన్‌లో సంగతి చెప్పేసి, "నడువ్ సిస్టర్" అని బండి తాళాలు తీశాడు.

హఫీజ్‌పేట్ స్టేషన్ అవతల ఒక మేడ మీద వాళ్ల కిరాయి గది. తలుపు తీసే ఉంది. ఆమె పడుకోలేక గోడకు చేరగిలబడి, మోకాళ్ల మీద దిండు పెట్టుకుని దాని మీదికి వంగి కూర్చుంది. పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. మొహం గుర్తుపట్టేలా లేదు. పక్కన నీళ్ల చెంబు. పళ్లెం నిండా సీతాఫలం తొక్కలు, నల్లటి గింజలు. నన్ను చూసి ఆ ఉబ్బిన మొహంతోనే నవ్వింది.

"ఏడు పండ్లు తిన్న... అక్కా. మూడేండ్లకు."

భర్త రాత్రి డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా ఒక మూల నిలబడి ఉన్నాడు. "వోదాం అంటె ఒస్తలేదమ్మా. పోతె నమ్మనట్టు అయితదంట. బాగైంది వాపస్ వోతదంట" అన్నాడు. "నాకు గూడ బుద్ధి లేకపాయె. మూడేండ్ల సంది గట్ల నవ్వంగ సూడలే. నవ్వుతుంటె సూసుకుంట గమ్మునున్న."

నేను ఆమె ముందు కింద కూర్చున్నాను. నాడి చూశాను. నెమ్మదిగా, ఆగి ఆగి కొట్టుకుంటోంది. గుండె ఎంతసేపు ఓర్చుకుంటుందో తెలియదు.

"పద అమ్మా, ఆసుపత్రికి."

"నువ్వే... అంటివి గద అక్కా. అయ్యిందని. ఇప్పుడొస్తె... దేవునికి కోపం రాదా?"

మీరైతే ఏం చెప్పేవారు? ఇది దేవుడు పెట్టిన పరీక్ష అనో, ఆసుపత్రి కూడా దేవుడిదే అనో, విశ్వాసానికి ఇంకొక మెట్టు ఉందనో చెప్పొచ్చు. అలాంటి మాటలన్నీ నాకు వచ్చు. నాలుక దాకా వచ్చాయి కూడా. అవి చెబితే నా పరువు దక్కేది. ఆమె కదిలేదో లేదో తెలియదు.

"దేవుడు నాతో ఏమీ చెప్పలేదమ్మా" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "ఏంది?"

"అయ్యిందని దేవుడు నాకు చెప్పలేదు. నేనే అన్నాను."

"మరి నీకెట్ల... తెలిసె?"

"తెలియలేదు. నీకు బాగవ్వాలని నాకు చాలా ఆశగా ఉంది. ఆ ఆశ ఆపుకోలేక అయిపోయిందని చెప్పేశాను. నేను చెప్పింది తప్పు. నన్ను క్షమించు. నీ నమ్మకంలో లోపం ఏమీ లేదు. లోపమంతా నా మాటలో ఉంది."

బయట రైలు వెళ్తోంది. అది వెళ్లిపోయేదాకా ఆమె నా మొహంలోకి చూస్తూనే ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. చెంబు వైపు చూసి, "అయితె ఇగ... నీళ్లు తాగొద్దా?" అంది.

వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆమె చెయ్యి చాపింది, లేవదీయమని.

అంబులెన్స్ కోసం ఆగకుండా ఆటోలో ఎక్కించాం. టెక్నీషియన్ మిషన్ సిద్ధం చేయడానికి బండి మీద ముందు వెళ్లాడు. దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఆమె తల నా భుజం మీద ఉంది. రెండో పక్క భర్త, ఉబ్బిన ఆమె పాదాలు జారకుండా పట్టుకుని ఉన్నాడు. ప్రార్థించాలని నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు. అడిగే అర్హత పోయిందనిపించింది. నాడి మీద వేళ్లు పెట్టి లెక్కపెడుతూ కూర్చున్నాను. ఒకటి, రెండు, చాలాసేపటికి మూడు. ఆ లెక్కపెట్టడమే ఆ రోజు నా ప్రార్థన అనుకుంటాను.

ఆసుపత్రి గుమ్మంలోనే డాక్టరుగారు నిలబడి ఉన్నారు. ఇంజెక్షన్లు ఇచ్చారు, ఈసీజీ తీశారు, మిషన్ మీదికి ఎక్కించారు. మొదటి గంట బీపీ చూస్తూనే ఉన్నాం. రెండో గంటకు ఆమె వెల్లకిలా పడుకోగలిగింది. నాలుగో గంటకు నిద్రపోయింది. బతికింది.

సాయంత్రం డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచారు. జరిగిందంతా చెప్పాను. ఆయన అరవలేదు.

"మీ దేవుడితో నాకు పేచీ లేదు సిస్టర్. మీరు ఎవరికోసమైనా ఏమైనా అడుక్కోండి. కానీ నా పేషెంటుకు బాగైందని మీరు రిపోర్టు ఇచ్చారు. ఏ పరీక్ష చేసి ఇచ్చారు?"

"పరీక్షేమీ చెయ్యలేదండి."

"మరి?"

మెమో ఇచ్చారు. సంజాయిషీలో జరిగింది జరిగినట్టు రాశాను. మూడు నెలలు పేషెంట్ల దగ్గర డ్యూటీ లేకుండా స్టోరులో వేశారు. ఉద్యోగం పోనందుకు సిగ్గుగా అనిపించిన రోజులు అవి. మెమో వచ్చిన రోజు ఇంటికెళ్తూ టెక్నీషియన్ ఆగి, "మేమూ మొక్కుతం సిస్టర్. నా బిడ్డ జరంతోని ఉన్నప్పుడు నేను మైసమ్మ ముందల పొర్లిన. కానీ అమ్మవారి జవాబు నేను జెప్పలే గద" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. అని, తన డబ్బాలో మిగిలిన జొన్నరొట్టె నా చేతిలో పెట్టి వెళ్లాడు.

చర్చికి వెళ్లడం మానలేదు. మైకు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. ఎవరైనా సాక్ష్యం చెబుతుంటే, దేన్ని వదిలేశారో అని వెతకడం అలవాటైంది. అదీ మంచి అలవాటేం కాదు. ప్రార్థన అనే పని నా చేతిలోంచి జారిపోయింది. మోకాళ్ల మీద ఉండేదాన్ని, గోడ చూసేదాన్ని, లేచేదాన్ని. దేవుడు లేడని అనిపించలేదు. ఉన్నాడు, నా వైపు చూడటం లేదు అనిపించేది. ఇంట్లో వాళ్లతో మాటలు లేకుండా ఒకే కప్పు కింద బతికినట్టుగా.

జనవరిలో మళ్లీ వార్డుకు పంపారు. మొదటి మంగళవారం ఆమె మంచం దగ్గరికి వెళ్లడానికి చాలా ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది. సూదులు పెట్టాను. మిషన్ మొదలయ్యాక అడిగింది.

"ప్రార్థన జెయ్యవా అక్కా?"

"ఇక్కడ చెయ్యొద్దన్నారమ్మా."

"నిన్ను జెయ్యొద్దన్నరు. నన్ను అనలే గద."

ఖాళీగా ఉన్న చేత్తో నా తల కిందికి వంచింది. ఇంజక్షన్ల ట్రే పట్టుకుని అలాగే వంగి నిలబడ్డాను. ఆమె కళ్లు మూసుకోలేదు. కిటికీలోంచి ఎవరితోనో మాట్లాడుతున్నట్టే మాట్లాడింది.

"ఏసయ్యా, ఈ అక్క మస్తు పరేషాన్ల ఉన్నది. నా మీద ఆశకు ఒక మాట అన్నది, నేను నమ్మిన, ఇద్దరం ఆగమైనం. ఈమెకు ఇగ ఫికర్ లేకుండ నిద్ర వట్టియ్యి. నాకు... నా సంగతి నీకెరికే. మొత్తం బాగు జేసుడు గాకపోతె, జర దూప తక్కువ జెయ్యి. గంతే."

ఆమెన్ అనాలని ఆమెకు తెలియదు. నేనూ అనలేదు. ట్రే కింద పెట్టి, చేతులు కడుక్కునే చోటికి వెళ్లి, నీళ్లు వదిలి, ఏడ్చాను. మూడు నెలల తర్వాత వచ్చిన ఏడుపు అది. పొద్దున్న షిఫ్టు వాళ్లకు సబ్బు కంట్లో పడిందని చెప్పాను.

ఆ రాత్రి మోకాళ్ల మీదికి వెళ్లి ఆమె అన్న మాటే అన్నాను, దూప తక్కువ చెయ్యి అని. తక్కువైందో లేదో నాకు తెలియదు. ఎండాకాలంలో గ్లాసు కొలిచి రెండు ఐసు ముక్కలు నోట్లో వేసుకుని, "ఇయ్యాల జర నయం" అనేది కొన్నిసార్లు. కొన్నిసార్లు ఏమీ అనేది కాదు. నేను ఇక అడగలేదు, దేవుడి పని ఎంతవరకు వచ్చిందో చూసి రాసుకునే ఉద్యోగం మానేశాను.

ఆమె ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. ఆ నాలుగేళ్లూ పనికి వెళ్లింది, ఊళ్లో తమ్ముడి పెళ్లి చేసింది, ఒక్కసారి కూడా డయాలసిస్ ఎగ్గొట్టలేదు. నన్ను ఆ రోజు గురించి ఒక్క మాట అనలేదు. సీతాఫలాల కాలం వచ్చినప్పుడు మాత్రం, గేటు దగ్గర ఆగి, ఒక పండు ఏరి, తెచ్చి నా బల్ల మీద పెట్టేది. "నువ్వు తిను అక్కా, నేను జూస్త" అనేది. తిన్నాను. అంత కష్టంగా నేను ఏ పండూ తినలేదు. తియ్యగా ఉందా అని అడిగేది. ఉందమ్మా అనేదాన్ని. గింజలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నవ్వేది.

చలికాలంలో ఒక సోమవారం, పనిలో ఉండగా గుండె ఆగి పోయింది. భర్త మర్నాడు, ఆమె రావాల్సిన వేళకే వార్డుకు వచ్చాడు. సంగతి చెప్పి, ఖాళీ మంచం దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, ఒక్కపారి ప్రార్థన జెయ్యి" అన్నాడు. డాక్టరుగారు అక్కడే ఉన్నారు. నా వైపు చూసి, ఆయనా చేతులు కట్టుకుని తల దించుకున్నారు. టెక్నీషియన్ మోగుతున్న మిషన్ అలారం ఆపేశాడు. నాకు ఒక్క వాక్యమే వచ్చింది.

"ప్రభువా, ఈమె మాకు కావాలనుకున్నాం."

అందుకని, అమ్మాయిలూ, మీ ప్రశ్నకు నా జవాబు. ఎవరైనా అడిగితే ప్రార్థన చెయ్యండి. మీ ఆసుపత్రి ఒప్పుకోకపోతే మనసులో చెయ్యండి. బాగుచెయ్యమని అడగడానికి భయపడకండి, చిన్నదే అడగాలని నియమమేం లేదు, ఎంత పెద్దదైనా అడగండి. అడిగాక నోరు మూసుకుని బరువు చూడండి, బీపీ చూడండి, రాకపోతే అదే రోజు ఫోన్ చెయ్యండి. ఇంతకు మించి నాకు తెలిసింది లేదు. ఎందుకు కొందరికి బాగవుతుందో, ఆమెకు ఎందుకు కాలేదో అన్నది పైకి వెళ్లాక అడగాల్సినవాటిలో మొదటిదిగా పెట్టుకున్నాను.

నేను ఉద్యోగం వదిలి మూడేళ్లయింది. ఇప్పుడు మోకాళ్లు వంగవు, కుర్చీలో కూర్చునే ప్రార్థిస్తాను. మా ఇంట్లోవాళ్లు, చర్చిలో జబ్బుపడ్డవాళ్లు, పాత వార్డులో ఇంకా మిగిలి ఉన్నవాళ్లు, వరసగా పేర్లు చెప్పుకుంటూ పోతాను. ఆ వరసలో ఆమె పేరు వచ్చేస్తుంది. ఆమెను బాగుచెయ్యి అని నోరు అనేస్తుంది. ఆమె లేదు కదా అని ఆ తర్వాత గుర్తొస్తుంది. మొదట్లో నాలుక కరుచుకుని సరిదిద్దుకునేదాన్ని. ఇప్పుడు సరిదిద్దుకోవడం లేదు. అడిగింది అడిగినట్టే ఉంచి, తర్వాతి పేరుకు వెళ్తున్నాను.